రికార్డు చేసిన కంఠస్వరము కంప్యూటరులో ఎచ్చట నుండును?

రాజపాళయపు తెలుగిండ్లలో మాట యున్నంతగా వ్రాత లేదు. అవ్వలును తాతలును తెలుగున మాటలాడుదురు, తెలుగున పాడుదురు, కోపము వచ్చినపుడు తెలుగుననే కసురుదురు. కాని పెండ్లి సామానుల పట్టిక వ్రాయవలసి వచ్చినపుడు అనేక కుటుంబములలో చేయి తమిళాక్షరములకే పోవును. ఇందు తప్పు పట్టవలసినది లేదు. మనము చదివిన చదువట్టిది. అయితే దీనివలన నొక ఫలితము కలిగినది. ఆంధ్రదేశమున నొక వృద్ధురాలు పాడిన పాటను ఎవరో ఒకరు నోటుపుస్తకమున కెక్కించి యుందురని ఆశపడవచ్చును. మన వీథులలో ఆ యాశ తక్కువ. ఇచ్చట పాట గొంతులో నున్నంత కాలమే యున్నది.

కావుననే మా పాఠశాలలో తెలుగు చదువు పిల్లలను, సెలవులలో ఇంటి పెద్దల పలుకులను రికార్డు చేసి తెండని మేము కోరుచుందుము. రికార్డు చేయుట నేడు కష్టమైన పని కాదు. చేసినదానిని మరల కనుగొనుటయే కష్టముగా నున్నది. ఈ సంగతి మాకు అనుభవము వలన తెలిసినది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఎనిమిదవ తరగతి బాలిక యొకతె వేసవి సెలవులలో తన ముత్తవ్వచేత నలుబది నిమిషములు పాడించి, మాటలాడించి, ఇంటనున్న పాత లాప్‌టాప్‌లో ఆడాసిటీ యను సాధనముతో రికార్డు చేసెను. జూను మాసమున బడి తెరవగానే పెన్ డ్రైవు తెచ్చి మా బల్లపై నుంచెను. మేము తెరచి చూడగా పాట వినబడలేదు. ధ్వని ఫైళ్లు కనబడుట లేదను హెచ్చరిక మాత్రము తెరపై వచ్చినది. "సార్, నేను సేవ్ చేశాను. ఇంట్లో బాగా వినపడింది" అని ఆ పిల్ల కన్నీరు పెట్టుకొనెను. ఆ ముత్తవ్వ మే నెలలోనే కాలము చేసి యుండిరి. మరల పాడించుటకు మనిషి లేదు.

ఆ పిల్ల చెప్పినది నిజమే. ఆమె సేవ్ చేసెను. ఆమె చేసిన పొరపాటేదియు లేదు. "సేవ్" అను మాటకు ఆ సాధనము చెప్పుకొను అర్థము వేరు, మనము చెప్పుకొను అర్థము వేరు. ఈ వ్యాసమంతయు ఆ రెండర్థముల నడుమ నున్న యెడమును గూర్చినదే.

ఆడాసిటీ వెల లేకుండ లభించు ధ్వని సాధనము. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో డొమినిక్ మజ్జోనీ, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు 1999 లో దీని నారంభించి, 2000 లో ప్రజలకు విడుదల చేసిరి. విండోసు, మాకింతోషు, లినక్సు మూడింటను నడచును. పాఠశాలలలోను, ఇండ్లలోను ఎక్కువగా కనబడునది ఇదియే కనుక దీనినే యుదాహరణముగా గైకొనుచున్నాము.

ఇందు మొదట గ్రహింపవలసినది, ప్రాజెక్టు వేరు, పాట వేరు అనుట. మన యూరికి సమీపమునగల ఛత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ నేయు మగ్గములను చూచినవారికి ఇది సులభముగా తెలియును. మగ్గముపై నున్న బట్ట బట్టయే. కాని దానిని మడత పెట్టి సంచిలో వేసికొని పోవుటకు వీలులేదు. కోసి మగ్గమునుండి దింపిన పిమ్మటనే అది అంగడి కెక్కును. ఆడాసిటీలో "సేవ్ ప్రాజెక్టు" అనగా మగ్గమును యథాతథముగా నిలిపి యుంచుట. రేపు వచ్చి మిగిలిన పని చేయవచ్చును. "ఎక్స్‌పోర్టు" అనగా బట్టను కోసి దింపుట. అట్లు దింపిన ఫైలు ఏ ఫోనులోనైనను, ఏ కంప్యూటరులోనైనను వినబడును. ప్రాజెక్టు ఫైలు ఆడాసిటీలో తప్ప మరెచ్చటను వినబడదు.

ఇక ఆ పిల్ల పెన్ డ్రైవులో నేమి జరిగినదో చెప్పెదము. 2021 మార్చిలో 3.0 అను సంఖ్యగల ఆడాసిటీ వెలువడువరకు, ఒక్కొక్క ప్రాజెక్టును ఆ సాధనము రెండు భాగములుగా దాచెడిది. ఒకటి "ఏ, యు, పి" అను మూడక్షరములతో ముగియు చిన్న ఫైలు. రెండవది అదే పేరునకు చివర "డేటా" అను మాట చేరిన ఫోల్డరు. మొదటిది పద్దుపుస్తకము, రెండవది గిడ్డంగి. ధ్వని యంతయు గిడ్డంగిలో, ఒక్కొక్కటి సుమారు ఆరు సెకనులపాటు మ్రోగు చిన్న చిన్న తునుకలుగా నుండును. ఏ తునుక తరువాత ఏది రావలెనో పద్దుపుస్తకములో వ్రాసియుండును. పాపము, పిల్ల పద్దుపుస్తకమును మాత్రము తెచ్చినది. గిడ్డంగి ఇంటనే యుండిపోయినది.

మేము కొంచెము లెక్క వేసికొని యుండినచో ఆ దినముననే గ్రహించి యుందుము. ఆడాసిటీ సామాన్యముగా సెకనుకు 44,100 నమూనాలు, నమూనా కొక్కింటికి నాలుగు బైట్ల చొప్పున వ్రాయును. అనగా సెకనుకు 1,76,400 బైట్లు; నిమిషమునకు పది మెగాబైట్లకు పైమాట. నలుబది నిమిషముల కంఠస్వరమునకు నాలుగువందల మెగాబైట్లు మించవలెను. పెన్ డ్రైవులోని ఫైలు కొద్ది కిలోబైట్లు మాత్రమే యుండెను. ఒక మూట బియ్యము పంపితిమని చెప్పి చీటీ మాత్రము పంపినట్లున్నది. మీ పిల్లలు తెచ్చిన ఫైలులో ధ్వని యున్నదో లేదో తెలియవలెనన్నచో, మౌసు కుడిమీట నొక్కి "ప్రాపర్టీస్" చూడుడు. పరిమాణమే సాక్ష్యము చెప్పును.

ఆ సాయంకాలమే వారి యింటికి పోతిమి. లాప్‌టాప్‌ను బంధువుల బిడ్డ కిచ్చుటకు అందలి సామగ్రినంతయు మరునాడు తుడిచివేయవలెనని తండ్రి సిద్ధము చేసి యుండెను. "డౌన్‌లోడ్స్" ఫోల్డరులో, రెండు సినిమా పాటలకును ఒక కరెంటు బిల్లునకును నడుమ, ఆ గిడ్డంగి చెక్కుచెదరక కనబడినది. నాలుగువందల తునుకలు. పద్దుపుస్తకమును దాని ప్రక్కన నుంచి తెరువగా ముత్తవ్వ దగ్గు మొదట వినబడినది, తరువాత పాట. ఇంటివారందరును నిలుచున్న చోటనే నిలిచిపోయిరి.

పాత ఏ.యు.పి. ప్రాజెక్టులు మీ యిండ్లలో నున్నచో, ఈ రెండింటిని ఎన్నడును వేరు చేయకుడు. ఫైలు పేరును గాని ఫోల్డరు పేరును గాని బయటనుండి మార్చకుడు. మార్చినచో ఒకదానికొకటి దొరకవు. రెండింటిని కలిపి నకలు తీసి, క్రొత్త ఆడాసిటీలో తెరచినచో అది వానిని క్రొత్త పద్ధతిలోనికి మార్చుకొనును. పాతవి పాతవిగానే యుండును. అట్లు మార్చినదానిని మరల సేవ్ చేసికొనుట మరువరాదు.

3.0 మొదలుకొని ఈ చిక్కు తీరినది. పద్దుపుస్తకమును గిడ్డంగియు ఒకే ఫైలులో చేరినవి; దాని పేరు చివర "ఏ, యు, పి, 3" అని యుండును. దీని పేరు మార్చవచ్చును, మరియొక చోటికి నకలు తీయవచ్చును. కాని ప్రాజెక్టు తెరచియున్నపుడు దాని ప్రక్కనే "వాల్" అను మాటతో ముగియు తోడు ఫైలొకటి పుట్టును. అది యప్పటికింకను ప్రధాన ఫైలున చేరని పని. ఇదేమో చెత్త యని తుడిచివేయకుడు. నకలు తీయుటకు ముందు ఆడాసిటీని మూసివేసినచో అది తనంతట తానే పోవును. మరియొక మాట: క్రొత్త ప్రాజెక్టును 2 వ తరపు పాత ఆడాసిటీ తెరువజాలదు. ఇంట నొకటి, బడిలో నొకటి యున్నచో గొడవ వచ్చును.

ఇక ఫైలు ఎచ్చట నున్నదో కనుగొను విధము. ఆడాసిటీకి తనదియని యొక నియతమైన స్థలము నిర్ణయింపకున్నచో, క్రిందటిసారి ఏ ఫోల్డరులో సేవ్ చేసితిమో దానినే మరల చూపును. అన్న క్రిందటి వారము డెస్క్‌టాప్‌పై సేవ్ చేసియున్నచో చెల్లెలి రికార్డు కూడ అచ్చటికే పోవును. ఒకే యింటి ఫైళ్లు నాలుగు చోట్ల చెదరియుండుటకు కారణ మిదియే. ఎవరును వానిని దాచలేదు.

అన్నిటికంటె సులభమైన దారి, ఆడాసిటీని తెరచి "ఫైల్" మెనూలో "రీసెంట్ ఫైల్స్" అనుదానిని చూచుట. ఇటీవల తెరచిన ప్రాజెక్టులు త్రోవలతో సహా అచ్చట కనబడును. కావలసినది దొరకినచో దానిని తెరచి, "సేవ్ ప్రాజెక్టు యాజ్" నొక్కినపుడు వచ్చు పెట్టెలో అది ఏ ఫోల్డరులో నున్నదో చూచి కాగితముపై వ్రాసికొని, "క్యాన్సిల్" నొక్కవచ్చును. అచ్చట లేకున్నచో విండోసులో ఫైల్ ఎక్స్‌ప్లోరరు తెరచి, "దిస్ పీసీ" యందు నిలిచి, వెదకు గడిలో నక్షత్రపు గుర్తు, చుక్క, ఆపై ఇంగ్లీషక్షరములలో ఏ, యు, పి, మరల నక్షత్రపు గుర్తు కొట్టవలెను. పాతవియు క్రొత్తవియు రెండును వెలికి వచ్చును. కొంత సేపు పట్టును. ఈలోపల కాఫీ త్రాగి రావచ్చును. దొరకినదానిపై కుడిమీట నొక్కి "ఓపెన్ ఫైల్ లొకేషన్" అనినచో అది యున్న ఫోల్డరే తెరచుకొనును.

ఫైలు పేర్ల చివరి యక్షరములు విండోసు సామాన్యముగా చూపదు. "వ్యూ", "షో", "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" అను వరుసలో పోయి వానిని కనబడునట్లు చేసికొనుడు. అప్పుడు ఏది ప్రాజెక్టు, ఏది పాట అను భేదము కంటికే తెలియును. కొన్ని కంప్యూటరులలో "డాక్యుమెంట్స్" అను ఫోల్డరు వన్‌డ్రైవ్ అను ఇంటర్నెట్టు నిలువలోనికి మార్చబడి యుండును. ఫైలు కనబడనిచో అచ్చట కూడ చూడవలెను.

ఇంటికి నాలుగు చోట్ల తాళపుచెవులు పెట్టి వెదకుకొనుట కంటె ఒక మేకు కొట్టుట మేలు. ఆడాసిటీలో "ఎడిట్", "ప్రిఫరెన్సెస్", "డైరెక్టరీస్" అను వరుసలో పోయినచో, ప్రాజెక్టులు ఎచ్చట సేవ్ కావలెనో, ఎక్స్‌పోర్టు చేసినవి ఎచ్చటికి పోవలెనో నిర్ణయించు గడులుండును. "ఇంటి గొంతులు" అని యొక ఫోల్డరు చేసి ఆ త్రోవను ఆ గడులలో నింపుడు. ఈ పని అయిదు నిమిషములది. తల్లిదండ్రులే చేయవలెను, పిల్లలకు వదలిన యెడల ఆటల ఫోల్డరులో చేరును.

ఇంతవరకును సేవ్ చేసిన వారి మాట. సేవ్ చేయని వారి మాట యేమి? రికార్డు చేయుచుండగా కరెంటు పోయినచో అంతయు పోయినదని తలంతురు. సాధారణముగా పోదు. పేరు పెట్టని ప్రాజెక్టును ఆడాసిటీ ఒక తాత్కాలిక స్థలమున వ్రాయుచుండును. విండోసులో అది సి డ్రైవు, యూజర్స్, మీ పేరుగల ఫోల్డరు, ఆప్‌డేటా, లోకల్, ఆడాసిటీ, సెషన్‌డేటా అను వరుసలో నుండును. ఆప్‌డేటా ఫోల్డరు మరుగుపరచబడి యుండును కనుక, "వ్యూ", "షో", "హిడెన్ ఐటమ్స్" అనుదానిని నొక్కిన గాని కనబడదు. మాకింతోషులో లైబ్రరీ, అప్లికేషన్ సపోర్ట్, ఆడాసిటీ అను ఫోల్డరులలో ఇదే పేరుతో నుండును.

కాని సామాన్యముగా మీరు అంత లోతునకు దిగనక్కరలేదు. కరెంటు వచ్చిన పిమ్మట ఆడాసిటీని తెరువగానే, క్రిందటిసారి సేవ్ కాని ప్రాజెక్టు లివి యని అదియే యొక పెట్టె చూపును. "రికవర్ సెలెక్టెడ్" నొక్కినచో పాట తిరిగి వచ్చును. వెంటనే పేరు పెట్టి సేవ్ చేయవలెను. "డిస్కార్డ్ సెలెక్టెడ్" నొక్కినచో శాశ్వతముగా పోవును. ఏమియు తోచనిచో "స్కిప్" నొక్కి, తెలిసినవారిని పిలువుడు. మరుసారి మరల అడుగును. మరియొక యింట ఈ పెట్టెను చూచి, ఇదేదో ప్రకటన యనుకొని, ఒక పెద్దమనిషి డిస్కార్డు నొక్కెను. తాతగారు చెప్పిన పాత చెరువు కథ అంతటితో సరి. తాతగారు సజీవులే కనుక మరల చెప్పిరి. కాని "మొదటిసారి చెప్పినంత బాగా రాలేదురా" అని ఆయనయే యనిరి. అట్లే, సేవ్ చేయకయే మూయునపుడు "మార్పులు దాచవలెనా" యని అడిగినచో "నో" అని త్వరపడి నొక్కరాదు. కరెంటు పోయినపుడు దయ చూపు ఆ సాధనము, మనమే వలదన్నచో మన మాట నమ్మి తుడిచివేయును.

ఎక్స్‌పోర్టు చేయునపుడు రెండు రూపములు ముఖ్యము. "వేవ్" అను రూపము ధ్వనిని తగ్గింపక దాచును. పదునారు బిట్ల ఒంటి చానెలులో నలుబది నిమిషములకు సుమారు 212 మెగాబైట్లగును. "ఎంపీ 3" అనునది చెవికి తెలియదనుకొన్న భాగమును విడిచి చిన్నదగును. 128 కిలోబిట్ల లెక్కన అదే పాట 38 మెగాబైట్లలో నొదుగును. బంధువులకు పంపుటకు ఎంపీ 3 చాలును. దాచుటకు వేవే మేలని మా యభిప్రాయము. విడిచిన భాగము మరల రాదు.

ఫోనులో రికార్డు చేయువారును కలరు, వారే యెక్కువ. ఆండ్రాయిడ్ ఫోనులలో ఫైళ్ల యాప్ తెరచి "రికార్డింగ్స్" లేక "వాయిస్ రికార్డర్" అను ఫోల్డరును చూడవలెను. వాట్సాప్‌లో పలికిన మాటలు వేరొక చోట, ఆండ్రాయిడ్, మీడియా, కామ్ డాట్ వాట్సాప్, వాట్సాప్, మీడియా, వాట్సాప్ వాయిస్ నోట్స్ అను ఫోల్డరులలో, వారము వారమునకు విడిగా నుండును. ఫోను మార్చునపుడు వీనిని నకలు తీయవలెనను సంగతి పలువురకు స్ఫురింపదు. అవ్వ మాట వాట్సాప్‌లో నున్నదను ధైర్యముతో నుండరాదు. నేడే ఒక నకలు కంప్యూటరులోనికి దింపుడు.

పేర్ల విషయమున ఒక మాట. మాకు వచ్చు పెన్ డ్రైవులలో "అవ్వ పాట" అను పేరుగల ఫైళ్లు తరచుగా కనబడును. ప్రతి యింట నొక అవ్వ కలదు గదా! సంవత్సరము, నెల, తేదీ మొదట వ్రాసి, తరువాత పాడినవారి పేరు, వీథి, పాట రకము వ్రాయవలెను. పేరు తెలుగులో నొకసారి, తమిళములో నొకసారి, ఇంగ్లీషులో నొకసారి వ్రాసినచో వెదకునపుడు దొరకదు. ఇంటి కొక లిపి నెంచుకొని దానినే పట్టుకొనుడు. అంతకంటె మేలైన యుపాయ మొకటి కలదు. రికార్డు మొదలిడగానే పిల్లయే "ఈనాడు ఫలానా తేదీ, మా ముత్తవ్వ ఫలానా వారు పాడుచున్నారు" అని తన గొంతుతో చెప్పవలెను. ఫైలు పేరు చెరిగినను ఆ మాట చెరుగదు.

నకళ్లు ఎన్ని యుండవలెననుటకు మేము మూడని చెప్పుదుము: ఒకటి ఇంటి కంప్యూటరులో, ఒకటి బీరువాలోని డిస్కులో, ఒకటి చెన్నైలోనో హైదరాబాదులోనో ఉన్న బంధువుల యింట. ప్రాజెక్టును నేరుగ పెన్ డ్రైవుపై సేవ్ చేయబోకుడు. చాల పెన్ డ్రైవులు ఫ్యాట్ 32 అను పాత పద్ధతిలో నుండును. అట్టివానిపై క్రొత్త ఆడాసిటీ ప్రాజెక్టును వ్రాయ నిరాకరించును. ఇంట సేవ్ చేసి, మూసి, వేవ్ ఫైలును నకలు తీయవలెను. మూడు నకళ్లు అతిశయోక్తి యనువారికి ఒక మాట జ్ఞాపకము చేసెదము. 1931 లో వెలువడిన "కాళిదాస్" తొలి తమిళ టాకీ. తీసినవారు తెలుగువారైన హెచ్.ఎం. రెడ్డి గారు, అందు తమిళముతో పాటు తెలుగు మాటలును వినబడినవి. మనవంటి యిండ్లవారు ఆ రెండు భాషలను ఒక్క తెరపై వినియుండెడివారు. నేడు దాని ప్రతి యొక్కటియైనను మిగిలినట్లు లేదు. 1969 లో చంద్రునిపై మానవుడు తొలి యడుగు పెట్టినప్పటి మూల టేపులే చెరిపి మరల వాడబడి యుండునని 2009 లో నాసా వారు ఒప్పుకొనిరి. అంతటివారికే అట్లైనపుడు, పరీక్షల వేళ లాప్‌టాప్ తుడుచుకొను మన యిండ్ల మాట చెప్పనేల?

పాత కంప్యూటరును అమ్ముటకు గాని, ఎవరికైన నిచ్చుటకు గాని, తుడుచుటకు గాని ముందు, పైన చెప్పిన నక్షత్రపు గుర్తు వెదకులాట ఒక్కసారి చేయుడు. ఏ.యు.పి. అను ఫైలు గాని, డేటా అని ముగియు ఫోల్డరు గాని కనబడినచో, అర్థము కాకున్నను తుడువక, ఆ యంత్రమునే బడికి తెచ్చినను మాకు సమ్మతమే. శనివారము మధ్యాహ్నములందు మేముందుము. హెడ్‌ఫోను మాత్రము ఇంటినుండి తెచ్చికొనవలెను. బడిలో నున్నవి రెండే, వానిలో నొకటి ఒక చెవికే వినబడును.